పడవ లేని జాలరి

"సాయంత్రం నాలుగింటికి హంసలదీవి రేవు నుంచి ఒక విదేశీ ఏజెంట్ జాలరి వేషంలో సముద్రం మీదికి వెళ్తున్నాడు. తీరంలోని రాడార్ల ప్లాన్లు అతని దగ్గరున్నాయి. పేరు తెలీదు," అన్నారు బందరు బ్యూరో చీఫ్ కాంతారావు.

"నేను హంసలదీవి వెళ్తాను సార్," అన్నాడు ఏజెంట్ సుధన్వ.

"అక్కడ జయకృష్ణ ఉన్నాడు. నువ్వు గుడివాడ వెళ్లు. జాలర్ల డేటాబేస్ ఆఫీసు."

సుధన్వ విసురుగా బయటికి నడిచాడు. పట్టుకునే పని ఎప్పుడూ జయకృష్ణదే. బ్యూరోకి వచ్చిన మూడు మెడల్సూ అతనివే.

మూడూ నలభైకి మిఠాయి వ్యాపారి వేషంలో, చేతిలో డబ్బాతో గుడివాడ ఆఫీసులో అడుగుపెట్టాడు.

"తొక్కుడు లడ్డూ కావాలాండీ?"

"బెల్లంతో చేసిందైతేనే," అంది ఉమాశ్రీ. కోడ్ కలిసింది.

పట్టుచీర, నల్లకళ్లద్దాలు. ఆ విదేశీ ఏజెంట్ ముఠా ఆమెని తమ మనిషే అనుకుంటోంది. నిజానికి ఆమె బ్యూరో మనిషి. నాలుగేళ్లుగా సుధన్వ ఆమెతో మూడు ముక్కలు తడబడకుండా మాట్లాడింది లేదు.

"ముఠా అడిగినట్టే డేటాబేస్‌లో ఫారిన్ కీ అనే తనిఖీ తీసేశానండీ, చీఫ్ గారికి చెప్పే. అది ఉంటే, పడవల టేబుల్‌లో లేని పడవ నంబరు వేసి జాలరి పేరు ఎక్కించబోతే సిస్టమ్ ఒప్పుకోదు. ఇప్పుడు ఎవడి పేరో ఎక్కించేశారు. ఎవడో చూద్దామంటే మధ్యాహ్నం నుంచి నా లాగిన్ పనిచెయ్యట్లేదు."

సుధన్వ లడ్డూల అడుగున దాచిన పెన్‌డ్రైవ్ తీసి కంప్యూటర్‌కి గుచ్చాడు. లాగిన్ లేకుండానే డేటాబేస్ తెరుచుకుంది.

"జయకృష్ణ గారైతే ఈపాటికి తేల్చేసేవారు," అని నవ్వి, ఉమాశ్రీ గుమ్మం దగ్గర కాపలాకి వెళ్లింది.

ఆ మాటే కొంప ముంచింది. సుధన్వ జాలర్లని వదిలేసి విజిటర్ల టేబుల్ తెరిచాడు. ఉమాశ్రీ డ్యూటీ చేసిన రోజులకీ, జయకృష్ణ ఇక్కడికొచ్చిన రోజులకీ జాయిన్ కొట్టి, రెండూ కలిసిన రోజులు తీశాడు. ఏడు వరసలు వచ్చాయి. ఏడింటినీ రెండేసి సార్లు చదివాడు. ఆదివారం కూడా వచ్చాడట, ఏం పనో.

"బ్యూరోకి సమాచారం మోసుకెళ్లేది ఆయనేనండీ," అంది ఉమాశ్రీ వెనక నుంచి. సుధన్వ చెవులు ఎర్రబడ్డాయి. "అయినా మీరు కొట్టింది ఇన్నర్ జాయిన్. జత కుదిరినవాళ్లే కనిపిస్తారు. మనకి కావలసింది జత కుదరనివాడు."

రేవులో గార్డుల చేతిలో ఉండేదీ అలాంటి లిస్టేనని సుధన్వకి అప్పుడు తట్టింది. పడవ లేనివాడు అందులో ఉండడు, కాబట్టి ఎవరూ వెతకరు. కార్డు స్కాన్ చేస్తే మాత్రం, జాలర్ల టేబుల్‌లో పేరుంది కాబట్టి, పచ్చలైటు వెలుగుతుంది.

జాలర్లని ఎడమవైపు పెట్టి, పడవలతో లెఫ్ట్ జాయిన్ కొట్టాడు. జత ఉన్నా లేకపోయినా ఎడమవైపు పేర్లన్నీ వస్తాయి. వందల పేర్లు, ప్రతి పేరు పక్కనా ఒక పడవ. ఒక్క పేరు పక్కన మాత్రం నల్, అంటే ఖాళీ. ప్రకాశరావు. ఫోటోలో ఎడమ బుగ్గ మీద మచ్చ.

మూడూ యాభై ఆరు. హంసలదీవి డెబ్భై కిలోమీటర్ల పైనే. ఇప్పుడు వాణ్ణి అందుకోగలిగింది జయకృష్ణ ఒక్కడే. నాలుగో మెడల్ తన చేత్తోనే అతని మెడలో వెయ్యాలి. సుధన్వ ఫోన్ తీసి, జయకృష్ణ నంబరు దాకా వెళ్లి ఆగాడు.

"నన్ను చెయ్యమంటారా?" అంది ఉమాశ్రీ.

ఆమె చేత జయకృష్ణకి ఫోన్ చేయించడమా? టక్కున నంబరు నొక్కాడు.

"జయకృష్ణా, పేరు ప్రకాశరావు. ఎడమ బుగ్గ మీద మచ్చ. పడవ కదలనివ్వకు."

మూడూ యాభై తొమ్మిదికి, ఇంజన్ స్టార్టయిన దొంగ నంబరు పడవలోంచి వాణ్ణి ఒడ్డుకి లాగారు. ప్లాన్లు టిఫిన్ క్యారేజీ అడుగు గిన్నెలో దొరికాయి.

ఐదింటికి, ఇద్దరూ లడ్డూలు తింటుండగా చీఫ్ ఫోన్ చేశారు. "శభాష్. మెడల్‌కి జయకృష్ణ పేరు పంపాను. పట్టుకున్నది అతనే కదా."

"మెడల్స్ టేబుల్‌తో జాయిన్ కొడితే నా పేరు ఎప్పటికీ రాదు," అన్నాడు సుధన్వ ఫోన్ పెట్టేసి.

"లెఫ్ట్ జాయిన్ కొడితే వస్తుందండీ. పక్కన నల్ ఉంటుంది, అంతే." ఉమాశ్రీ డబ్బా వైపు చెయ్యి చాపింది. "జయకృష్ణ గారికి రెండు తీసి ఉంచుతాను."

డబ్బాలో సరిగ్గా రెండే మిగిలాయి. సుధన్వ ఒకటి ఆమె చేతిలో పెట్టి, రెండోది నోట్లో వేసుకున్నాడు.