మూడు పెట్టెల విమానం

"గిది ఎవరు పీకిండ్రు?"

చందు గొంతు విని గోరీ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. ముందుగదిలో, కిటికీ పక్కనున్న బల్ల దగ్గర నిలబడి ఉన్నాడతను. ఎర్ర పెట్టె, నీలం పెట్టె, తెల్ల పెట్టె... మూడింటి మూతలూ తీసి ఉన్నాయి. మూడింట్లోనూ ప్లాస్టిక్ విమానం ముక్కలు ఎక్కడివక్కడ ముచ్చటగా సర్ది ఉన్నాయి. మొన్న ఆషాఢంలో తండ్రి దినాలకు వచ్చినప్పుడు చందు ఇదే బల్ల మీద చూసింది జానెడు పొడుగున్న విమానం. రంగు వేయడం ఒక్కటే మిగిలిన విమానం. ఇప్పుడది లేదు!

"నేనే బిడ్డా," అంది గోరీ, కొంచెం సంతోషంగానే. "ఆఖరికి మీ బాపు తికమక పడ్డడు. దీని తోక దానికి వెట్టిండు, దాని అద్దం దీనికి వెట్టిండు. నలుగురు జూస్తే నవ్వుతరని ఏ డబ్బయి ఆ డబ్బల సర్దిన. రెండు నెలలు పట్టింది."

చందు కుర్చీలో కూలబడ్డాడు.

"తికమక గాదు మౌసీ," అన్నాడు. "ఎయిర్‌ఫోర్సుల బాపు పని జేసిన విమానం అచ్చంగ ఏ డబ్బల దొరకదు. ఒకదాని పొట్ట సరిగ్గుంటె తోక సన్నగుంటది. ఇంకోదాని తోక మంచిగుంటె అద్దం వేరే తీరుంటది. గందుకే మూడు డబ్బలు తెచ్చిండు. మూడింట్ల మంచియి ఏరి ఒక్కటి జేసిండు. రెండేండ్లు కొలిచి కొలిచి పెట్టిండు. వారం వారం నాకు ఫోన్ల చెప్పేటోడు."

గోరీ గోడ పట్టుకుంది.

"చెయ్యి వెట్టే ముందు నన్నొక్క మాట అడగొద్దా? నీకేం తెలుసు బాపు సంగతి?"

ఆ మాట అని చందు తల తిప్పుకున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళు కాపురం చేసిన మనిషికి మొగుడి సంగతి తెలియదట! కానీ నిజంగానే ఆమెకు తెలియదు కదా... మగవాళ్ళు ఊళ్ళో లేని కొడుకుకు ఫోన్‌లో పూసగుచ్చినట్టు చెప్పే సంగతి, పక్కనే కూర్చుని ఉల్లిగడ్డలు కోసే పెళ్ళానికి ఒక్క ముక్క చెప్పరు. ఇదెక్కడి న్యాయమో!

"సారయ్య రఘునాథపల్లిల అత్తగారింటికి పోయిండు. నాలుగొద్దులకు బండి మీద మళ్ళొస్తడు," అన్నాడు చందు. "మూడు డబ్బలు కట్టుకొని పోత. ఇగ ఈ ఇంట్ల నాకు పనేముంది."

భూపాలపల్లి బొగ్గుబావిలో ఫిట్టరు చందు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై మూడు వారాలు దాటింది. బావులు బందు, బస్సులు బందు, బడులు బందు. సమ్మె వల్లే అతనికి తీరిక దొరికింది. దోస్తు సారయ్య మోటారుసైకిలు వెనక కూర్చుని, తండ్రి వస్తువులు చూసుకోవాలని జనగామ వచ్చాడు. వచ్చి చూసింది ఇదీ!

గోరీ వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ముందు కూర్చుంది. కన్నీళ్ళు కారుతూనే ఉన్నాయి... ఎన్ని జ్ఞాపకాలని! నర్సింహులపేట అవతలి తండా నుంచి ఆమె ప్రేమ్‌సింగ్‌కు రెండో భార్యగా వచ్చిన నాటికి చందుకు ఏడేళ్ళు. తల్లి జమున జ్వరంతో పోయి ఏడాది కూడా కాలేదు. ప్రేమ్‌సింగ్ అప్పుడు విమానదళంలో మెకానిక్. తెల్లవారక ముందే పోయి విమానం రెక్కల మీది మంచు గుడ్డతో తుడిచేవాడట. "నా విమానం" అనేవాడు. నడిపేది ఇంకెవరో ఆఫీసరు, తుడిచేవాడిది విమానం అయింది! సెలవు దొరికితే సికింద్రాబాదు వెళ్ళి విమానం పెట్టె ఒకటి కొనుక్కొచ్చేవాడు. తండ్రీ కొడుకులు చాప మీద బోర్లా పడుకుని, కాగితం మీద బొమ్మ చూస్తూ ముక్కలు అతికించేవారు. ఇల్లంతా రంగుల వాసన. గోరీ గుమ్మంలో చాటలో బియ్యం పెట్టుకుని ఆ ఇద్దరి తలలూ చూస్తూ కూర్చునేది. పిలిస్తే వెళ్ళేదే. వాళ్ళు పిలవలేదు. తండ్రీ కొడుకుల మధ్యకు ఆమె తనంతట తాను పోలేదు.

ఆమెకు పిల్లలు కలగలేదు. చందుకు అన్నం పెట్టింది, అమ్మవారు పోస్తే పక్కన కూర్చుని వేపరెమ్మతో విసిరింది, బడికి పంపింది, పెళ్ళి చేసింది. ఇన్నేళ్ళలోనూ అతను ఆమెను మౌసీ అనే పిలిచాడు. తండా మాటలో పిన్ని అన్నమాట. అమ్మను యాడీ అంటారు. ఆ పిలుపు జమునతోనే పోయింది. గోరీ ఏనాడూ అడగలేదు. అడిగి పిలిపించుకునే పిలుపా అది? కానీ పండక్కి పబ్బానికి కొడుకు ఈ గడప తొక్కుతున్నాడంటే బల్ల మీది విమానాల కోసమూ, వాటి ముందు కూర్చునే తండ్రి కోసమూనని ఆమెకు తెలుసు. తండ్రి పోయాడు. ఇప్పుడు పెట్టెలు కూడా పోతే చందు ఇక రాడు.

మర్నాడు పొద్దున పక్కింటి నఫీసా బేగం వచ్చింది. రైల్వే గేటు దగ్గర సమ్మెకు మద్దతుగా రోడ్డు మీద వంటావార్పు ఉందని, ఆడవాళ్ళంతా పోతున్నారని పిలవడానికి.

"కండ్లు గట్లున్నయేంది గోరీ? ఏమైంది?"

గోరీ అంతా చెప్పింది. నఫీసా బేగం గుమ్మంలోంచి ముందుగదిలోకి తొంగి చూసింది. చందు బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. చేతిలో తండ్రి ఫోటో. విమానం ముక్కు కింద ఖాకీ నిక్కరుతో నిలబడి నవ్వుతున్న ఇరవై ఆరేళ్ళ ప్రేమ్‌సింగ్. చందు ఆ ఫోటో చూస్తూ ఒక ముక్క తీసి పెడుతున్నాడు, మళ్ళీ తీసేస్తున్నాడు.

"నోట్‌బుక్కుల గిట్ట రాసిపెట్టలేదా మీ ఆయన?" అంది నఫీసా బేగం.

"ఇల్లంత దేవులాడిండు పిలగాడు. ఏం దొరకలే."

"నువ్వు పీకినప్పుడు జూసినవు గద. జర పోయి చెప్పరాదు?"

"నన్ను చూస్తేనే పరేషానైతున్నడక్కా. ఏ మొకం పెట్టుకొని పోవాలె?"

నఫీసా బేగం ఒత్తిడి చేయలేదు. వంటావార్పులో గోరీ పేరు చెప్పి తనే రెండు పిడికిళ్ళ బియ్యం ఎక్కువ వేస్తానని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం గోరీ అన్నం పళ్ళెం తెచ్చి బల్ల చివర పెట్టింది. చందు చూడలేదు. నీలం పెట్టెలోంచి అద్దం తీసి, ఎర్ర పెట్టెలోని పొట్టకు ఆనించి చూస్తున్నాడు. గోరీ వెనుదిరిగింది... ఆగింది. ఇక ఉండబట్టలేదు.

"గది గాదు బిడ్డా. తెల్ల డబ్బల అద్దం వెట్టిండు. ముందు దిక్కుకు తెరుచుకుంటది గది."

చందు చేయి ఆగిపోయింది. తెల్ల పెట్టెలోంచి అద్దం తీసి పెట్టాడు. ఫోటో చూశాడు. అచ్చంగా అదే!

"తోక?" అన్నాడు, తల ఎత్తకుండానే.

"నీలం డబ్బది. వెడల్పుది. దాని అడుగుకు సన్నగ చెక్కిండు. చెక్కిన జాగల గరుకుగుంటది, వేలు వెట్టి చూడు."

చందు వేలితో తడిమి చూశాడు. గరుకుగా ఉంది.

"పక్కా అతికించినది పీకితే ఇరిగిపోవాలె గద మౌసీ. ఒక్క ముక్క గూడ ఇరగలే. ఎట్ల పీకినవ్?"

"తెల్ల బంకతోని నిలవెట్టిండు. ఏడినీళ్ళల్ల గుడ్డ ముంచి, అద్దుకుంట అద్దుకుంట ఊడదీసిన. రోజుకొక్కటే. నీ బాపు చేతివి, ఇరగ్గొడతనా?"

చందు పక్కనున్న ముక్కాలి పీట కాలితో ముందుకు జరిపాడు. కూర్చోమని అనలేదు. గోరీ కూర్చుంది. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ ముక్కల దగ్గరికి ఆమెను ఎవరైనా పిలవడం అదే మొదలు.

ఆ మూడు రోజులూ ఇల్లు మునుపటిలా అయింది. అదే వాసన, అదే చిన్న బ్లేడు చప్పుడు. చందు అడుగుతాడు, గోరీ చెబుతుంది. ఆమెకు చదువు రాదు. ముక్కలన్నీ ఆమెకు రోజులతో గుర్తున్నాయి. తోక ఊడదీసిన రోజు బస్సులు బందయ్యాయి. ముక్కు తీసిన రోజు నఫీసా బేగం కుట్టుమిషను సూది విరిగింది. ఒక్క చక్రాల మూతల దగ్గర మాత్రం తడబడింది. కళ్ళు మూసుకుంది. చందు చేతిలోని ముక్కలు కింద పెట్టి ఓపికగా చూస్తూ కూర్చున్నాడు.

"రైళ్ళు ఆపిన్నాడు తీసిన," అంది చాలాసేపటికి. "పట్టాల మీద కూసున్నోళ్ళకు చాయ్ పంపి వచ్చి తీసిన. రెండు మూతలు తెల్ల డబ్బయి, మూడోది ఎర్ర డబ్బది. మూడోదాన్ని బాపు గీకి సన్నం జేసిండు."

ఫోటోతో పోల్చి చూసి చందు తల ఊపాడు. అంతలో ఏం తోచిందో, "ఇంత యాది వెట్టుకున్న మనిషివి, గిది కావాలనే కలిపిండని ఎట్ల తెల్వలేదు మౌసీ?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అర్థం కాక అడిగాడు.

గోరీ చేతిలోని చక్రం మూతను అటూ ఇటూ తిప్పింది.

"అదే ఏడుపొస్తుంది నాకు. జీవితమంత నేను జేసిన పని గూడ గదే గద. పాత పేటియా పావడా చినిగిపోతె పారేస్తమా? అద్దాలు, కుట్టుపని బట్ట కోసి కొత్తదానికి వేస్తం. ముగ్గురు ముసలమ్మల పావడాలు కలిస్తే ఒక కొత్త పెండ్లిపిల్ల పావడా. నీ పెండ్లాం పెండ్లికి కట్టిన పేటియా గట్ల కుట్టిందే. ఆ నడుం పట్టీల అద్దాలన్నీ మీ యాడియి."

చందు తల ఎత్తాడు.

"ఎవరియి?"

"మీ యాడి జమునయి. నేనొచ్చేటాళ్ళకు పెట్టెల చెదలు పట్టి ఉండె ఆమె పేటియా. బట్ట పోయింది గని అద్దాలు మంచిగుండె. నూట పన్నెండు అద్దాలు. తీసి దాచిన. నీ పెండ్లి కుదిరినంక ఆర్నెల్లు కూసోని కుట్టిన."

"ఎన్నడు చెప్పలేదు నువ్వు."

"చెప్తే నువ్వు పెండ్లి పందిట్ల ఏడుస్తవని చెప్పలే. తర్వాత చెప్పే యాళ్ళ రాలే."

చందు బల్ల మీద తల వాల్చి ఏడ్చాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి, బొగ్గుబావిలో ఇనుము వంచే మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు... తండ్రి దినాల్లో కూడా అంతలా ఏడవలేదు. గోరీ మొదట విమానం ముక్కలు పక్కకు జరిపింది. తర్వాత అతని తల మీద చేయి వేసింది. ఏడేళ్ళ పిల్లాడికి జ్వరం చూసినట్టే చూసింది. వీధిలో ఎవరో మైకులో రేపటి ఊరేగింపు సంగతి చెబుతూ పోయారు.

నాలుగో రోజు మధ్యాహ్నానికి విమానం రంగుతో సహా నిలబడింది. విమానదళం గుర్తుగా నీళ్ళలో నానబెట్టి అంటించే మూడు రంగుల గుండ్రాలను గోరీ సూది మొనతో జరిపి రెక్కల మీద సరిగ్గా కూర్చోబెట్టింది. ఆ కుదురు చందు చేతికి లేదు, ప్రేమ్‌సింగ్ చేతికీ చివర్లో లేకుండా పోయింది. అంతా అయ్యాక గోరీ ఒక అట్టపెట్టెలో దూది పరిచి, విమానాన్ని అందులో పెట్టి, తాడు కట్టింది. మిగిలిన ముక్కలున్న మూడు పెట్టెలూ పక్కనే పెట్టింది. అన్నీ కొడుకువే, పట్టుకుపోవలసినవే. కంటనీరు రాకుండా గట్టిగా ఉంది.

సారయ్య బండి గుమ్మం ముందు ఆగింది. చందు అట్టపెట్టె ఎత్తి చూశాడు, గతుకుల రోడ్డు వైపు చూశాడు, మళ్ళీ పెట్టెను బల్ల మీద పెట్టేశాడు.

"బండి మీద పోతే రెక్క ఇరుగుతది. బస్సులు నడువనీ. నేనే వచ్చి నిన్ను తోల్కపోత. ఒళ్ళె పెట్టుకొని తేవాలె నువ్వు. ఒక నెల మా దగ్గరుండు."

మూడు పెట్టెలను కూడా అక్కడే వదిలి వెళ్ళాడు.

సమ్మె ఆగి బస్సులు కదిలిన నాలుగో రోజున అన్నట్టే వచ్చాడు. జనగామ బస్టాండులో భూపాలపల్లి బస్సు కిటకిటలాడుతోంది. నెల రోజులుగా బయటికి కదలని జనమంతా ఒక్కసారే ప్రయాణం పెట్టుకున్నారు. గోరీ కిటికీ పక్కన కూర్చుని అట్టపెట్టెను ఒడిలో రెండు చేతులతో పట్టుకుంది. వరంగల్ దాటాక, గతుకులకు రెక్క కదిలిందేమోనని తాడు సడలించి మూత కొంచెం తెరిచింది. టికెట్లు కొడుతున్న కండక్టరు వంగి చూశాడు.

"అబ్బో... విమానమా! ఎవరు జేసిండ్రన్నా గిది? అచ్చం నిజందే ఉన్నట్టుంది."

చందు టికెట్లు అందుకుని జేబులో పెట్టుకున్నాడు.

"మా బాపు మొదలువెట్టిండు," అన్నాడు. "మా యాడి పూర్తి జేసింది."

ఒక్క క్షణం గోరీ జమున గురించే అనుకుంది. అతని నోట ఆ మాట ఎప్పుడొచ్చినా జమున కోసమే వచ్చింది మరి. తర్వాత కండక్టరు తన వైపు తిరిగి, "నీ చెయ్యి చల్లగుండ అవ్వా," అనేసరికి ఆమెకు అర్థమైంది. పెట్టెను ఇంకొంచెం దగ్గరికి పొదువుకుని తల ఊపింది.