పన్నెండు పేజీల దొంగతనం

దొంగతనం జరిగింది. తాళం పగల్లేదు. కిటికీ ఊచ వంగలేదు. పోయిన సొత్తు మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది!

సొత్తంటే పన్నెండు పేజీల పరిశోధన పేపర్. ఇనుముకు తుప్పు పట్టనివ్వని కొత్త పూత గురించి ఒక రీసెర్చ్ విద్యార్థిని రాసింది. జర్నల్‌లో అచ్చుకెక్కబోతుండగా, అదే పూత ఒక రంగుల కంపెనీ పేరుతో ఇంకో జర్నల్‌లో వచ్చేసింది. పైగా కంపెనీదే ఫిర్యాదు. ‘ఆ అమ్మాయి మా ల్యాబ్‌కి ట్రైనింగ్‌కి వచ్చినప్పుడు కాజేసింది’ అని.

సాయంత్రం అయిదుకి బోర్డు మీటింగ్. ఆలోగా రుజువు దొరక్కపోతే అమ్మాయి పేపర్ పోతుంది. దాంతోపాటు డిగ్రీ, పరువు కూడా.

జర్నల్ ఎడిటర్ కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగి, అక్క మొగుడికి ఫోన్ కొట్టాడు.

బావగారు రిటైరైన ఇన్‌స్పెక్టర్. డిపార్ట్‌మెంట్‌లో ముద్దుపేరు జిడ్డు. ఆయన ప్రశ్నలు తట్టుకోలేక, చెయ్యని నేరాలు ఒప్పుకుని, లాకప్‌లో హాయిగా నిద్రపోయినవాళ్లు ఉన్నారని ప్రతీతి.

వస్తూనే మొదలెట్టాడు.

“పేపర్ ఎంతమంది చూశారు?”

“నేను, ఇద్దరు రివ్యూయర్లు. అదే విద్య తెలిసినవాళ్లకి గుట్టుగా పంపుతాం బావా. తప్పులు పడతారు. రాసినవాళ్లు దిద్ది పంపితే మళ్లీ చూస్తారు.”

“ఆ ఇద్దరూ ఎవరు?”

“పేర్లు చెప్పకూడదు.”

“అలాగే. అయిదింటికి ఆ పిల్లకి చెప్పు, రూలు రూలేనమ్మా అని.”

ఎడిటర్ నుదురు తుడుచుకున్నాడు. “ఒకాయన మెత్తన. అన్నీ బాగున్నాయంటాడు. రెండో ఆయన గడ్డం ప్రొఫెసర్. ఆయన చేతిలో పడితే దేవుడు రాసినా దిద్దుకోవాల్సిందే. నా అనుమానం ఆయన మీదే. అమ్మాయిని ఏడిపించేశాడు.”

“ఏ తప్పు పట్టాడు?”

“పూత పూసిన రేకుల్ని దారంతో ఉప్పునీళ్లలో వేలాడదీసింది. తీశాక దారంతో సహా తూచింది. రేకులు ఆరాయిగానీ దారం ఆరలేదు. అది పీల్చిన నీళ్లన్నీ తుప్పు లెక్కలోకొచ్చాయి. దిద్దాక పూత ఇంకా గొప్పదని తేలిందనుకో.”

“రెండో విడతలో మెత్తనాయనకి ఈ సంగతి తెలిసిందా?”

“ఒకరి విమర్శ ఇంకొకరికి పంపుతాం. తెలుస్తుంది.”

జిడ్డు అమ్మాయి మొదటి ప్రతి పక్కన పెట్టుకుని కంపెనీ పేపర్ తిరగేశాడు. ఒకచోట ఆగాడు. వెనక్కి వెళ్లాడు. మళ్లీ ఆగాడు.

“ఒరే, ఇద్దరికే పంపావా? మూడో మనిషి లేడూ?”

“ఉన్నాడు, లెక్కలోకి రాడు. ముందు సరేనన్నాడు. పదిరోజులుంచుకుని తీరిక లేదన్నాడు.”

“పేపర్ ఆయనకి చేరిందా?”

“చేరింది. కానీ రివ్యూ రాయలేదుగా?”

“ముగ్గుర్నీ పిలువు. ఆ పిల్లని కూడా.”

నాలుగున్నరకి గది నిండింది. అమ్మాయి తలుపు పక్కన నిలబడి చున్నీ కొస నలిపేస్తోంది. తీరికలేనాయన మూడుసార్లు వాచీ చూసుకున్నాడు.

“నన్నెందుకు పిలిచారు? నేనా పేపర్ తెరవనైనా లేదు.”

“మీకు సంబంధం లేదని నాకూ తెలుసండీ. ఊరికే మీ సలహా కోసం” అన్నాడు జిడ్డు వినయంగా. “పాపం, ఈ పిల్ల రేకుల బరువులన్నీ తప్పట.”

“తప్పా? తొమ్మిది రేకులూ ఒక్క తీరుగా వస్తే తప్పేముంది?”

గడ్డం ప్రొఫెసర్ చటుక్కున తలెత్తాడు. మెత్తనాయన కూడా.

“తెరవని పేపర్లో రేకులు తొమ్మిదని ఎలా తెలిసిందండీ?” జిడ్డు కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

“కం... కంపెనీ పేపర్లో చూశాను.”

“అందులో ఆరే ఉన్నాయి. మూడు కోసేశారు, పోలిక తెలియకుండా. సరే, ఇది చెప్పండి. వాళ్లు రేకుల్ని దేంతో వేలాడదీశారు?”

ఆయన మళ్లీ వాచీ చూసుకున్నాడు. జిడ్డే చదివాడు.

“గాజు కొక్కాలతో. అంకెలు మాత్రం ఈ పిల్ల మొదట రాసినవే, తడిదారం బరువుతో సహా! గాజు నీళ్లు పీలుస్తుందా అండీ? తూచినవాళ్లెవరూ లేరు. రాసినవాళ్లే ఉన్నారు.”

ఎడిటర్ కుర్చీలో కూలబడ్డాడు. “మరి దొంగ ఈ ఇద్దరిలో ఎందుకు కాకూడదు?”

“కంపెనీ పేపర్ మీద అది ఆ జర్నల్‌కి అందిన తేదీ వేశారు. అప్పటికి ఈ ఇద్దరికీ దారం సంగతి తెలిసి నెల దాటింది. దొంగిలించేవాడు సరైన అంకెలు వదిలి తప్పువి ఎత్తుకుపోతాడా? ఆ తప్పు సంగతి తెలియనివాడు ఒక్కడే. మధ్యలో తప్పుకున్నవాడు. చదివినవాళ్లని అనుమానించావు గానీ, చదవనన్నవాణ్ణి మనిషిగానే లెక్కెయ్యలేదు నువ్వు.”

తీరికలేనాయన లేవబోయాడు. మళ్లీ కూర్చున్నాడు.

“కంపెనీ సలహాదారు పదవి ఇస్తామన్నారు...” అన్నాడు నేల చూస్తూ.

నాలుగు యాభైకి ఎడిటర్ కాగితాలు పట్టుకుని బోర్డు గదిలోకి పరుగెత్తాడు. అమ్మాయి గోడకి జారబడింది. అయిదూ పది. అయిదున్నర.

తలుపు తెరుచుకుంది.

“అచ్చు వేస్తున్నాం” అన్నాడు ఎడిటర్ ఆయాసంతో.

అమ్మాయి రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. గడ్డం ప్రొఫెసర్ గొంతు సవరించుకున్నాడు.

“వేస్తే వేశారు. ఆరో పేజీలో గ్రాఫ్ ఇంకా దరిద్రంగానే ఉంది. రేపు పొద్దున్నకి మార్చాలి.”

అమ్మాయి చేతులు తీసి ఆయన వంక చూసింది. ఇన్నాళ్లూ తనని ఏడిపించిన మనిషి ఈయనేనని అప్పుడు తెలిసింది.

“ఇప్పుడే మారుస్తాను సార్. మీరు పక్కన కూర్చుని చూస్తారా?” అంది.

ఆయన విసుక్కుంటూనే కుర్చీ జరుపుకున్నాడు.