టాంజానియా చెప్పిన నల్గొండ మాట

"ఏం చూస్తున్నవ్ సారూ?"

బోరింగు దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డ అండాలు అడిగింది. సీసాలో నీళ్లు పట్టుకుంటున్న కొత్త మనిషి తడబడ్డాడు.

"నీళ్లు."

"నీళ్లు సీసల ఉన్నయ్. నువ్వు నా మూతి దిక్కు చూస్తున్నవ్."

"పండ్లు చూస్తున్న," అన్నాడతను.

అండాలు ఓణీ కొసతో నోరు కప్పుకుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఘొల్లున నవ్వారు. నవ్విన ప్రతి నోటిలోనూ తుప్పు రంగు చారలే. బోరింగు నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఆ ఊళ్లో పళ్లు తెల్లగా ఉండేది పసిపిల్లలకే.

అతని పేరు సైదులు. అది 1998 ఎండాకాలం. నల్గొండలో ఒక స్వచ్ఛంద సంస్థ ఆఫీసులో అతనిది కంప్యూటర్ పని. వారానికోసారి మోపెడ్ మీద వచ్చి పరీక్షకు నీళ్లు పట్టుకుపోయేవాడు. కంప్యూటర్‌కు ఫోను తీగ తగిలిస్తే చాలునట; నీళ్ల బాధలున్న దేశదేశాల మనుషులు ఒకరి కష్టం ఒకరికి రాసుకుంటారట, తెలిసినవాళ్లు జవాబు చెబుతారట.

"పైసలు తీసుకోకుండ జవాబు చెప్పేటోళ్లు యాడుంటరు?" అంది అండాలు.

"ఉన్నరు."

"నువ్వు చూసినవా?"

"చూడలే. రాస్తరు."

"చూడని మనుషులు, పైసలు లేని జవాబులు. మంచిగుంది."

అవ్వ గోపమ్మ అభిప్రాయం ఇంకా సూటిగా ఉండేది. "నవ్వని మనిషిని నమ్మొద్దు బిడ్డా. గా పిలగాడు ఒక్కనాడన్న నవ్వంగ చూసినవా?"

నిజమే. సైదులు పెదవులు బిగించి మాట్లాడతాడు. అండాలు ఇంకొకటి కూడా గమనించింది. ఊళ్లో ఆడపిల్లలందరినీ నోరారా చెల్లె అని పిలిచే మనిషి, తననొక్కదాన్నీ ఏమీ అనడు. అది మరీ అనుమానంగా ఉంది.

కానీ అతను అన్న ఒక మాట ఆమె మనసులో పడిపోయింది. అన్న కూతురు స్రవంతికి మూడేళ్లు. పాలపళ్లు మల్లెమొగ్గల్లా ఉంటాయి. "ఇప్పటి సందే మంచినీళ్లు తాగిపిస్తే దానికి వచ్చే పండ్లు తెల్లగ వస్తయ్. మోకాళ్లు గూడ మంచిగుంటయ్," అన్నాడు సైదులు. బట్టలు నేసే నాయిన మారయ్యకు మోకాళ్లు బిగిసిపోయి మగ్గం గుంటలోకి దిగడమే చేతకావడం లేదు. సైదులు మాట నిజమైతే ఎంత బాగుండునో అనిపించేది. అలా అనిపించినందుకే అతన్ని మరింత అనుమానించింది.

రోహిణి ఎండల్లో ఒకరోజు సైదులు బడి దగ్గర అందరినీ పిలిచాడు. "టాంజానియా నుంచి జవాబొచ్చింది. అది ఆఫ్రికాల ఉంటది. ఆడ గూడ మనసొంటి నీళ్లే. నీమా అనే ఆమె రాసింది. బకెట్ నీళ్లల్ల సున్నం, పటిక కలిపి తేరపెడితే విషం అడుక్కు దిగుతదట."

"గడ్డం గీకినంక రాసే పటికనా?" అన్నారెవరో.

"అదే. ఆ పద్ధతికి ఆడ ఏం పేరున్నదో తెలుసా? నల్గొండ పద్ధతి!"

బడి కప్పు లేచిపోయేటట్టు అందరూ నవ్వారు.

"నల్గొండోళ్లకు నల్గొండ ముచ్చట ఆఫ్రికా నుంచొచ్చిందట!"

"రాసుకుంటే రాసుకున్నవ్, జర దూరపు ఊరి పేరన్న రాసుకోవద్దా పిలగా?"

"నిజమే చెప్తున్న. ఎన్కట ఈ జిల్లా నీళ్ల మీదనే కనిపెట్టిన్రు. అందుకే గా పేరు. నాకు గూడ ఇప్పుడే తెలిసింది."

ఎవరూ వినలేదు. సైదులు చెమటలు కక్కుతూ బకెట్‌లో సున్నం, పటిక వేసి కవ్వం తిప్పినట్టు తిప్పాడు. చాలాసేపు తిప్పాడు. ఏదీ అడుక్కు దిగలేదు. నీళ్లు కుడితిలాగా తెల్లగా తేలుతూ ఉండిపోయాయి.

"ఇగ నువ్వే తాగు," అని మారయ్య కర్ర ఊతంతో లేచి వెళ్లిపోయాడు. ఒక్కొక్కరే అందరూ కదిలారు. అండాలు ఒక్కతే మిగిలింది.

"నీమా అన్నది అసలు ఉన్నదా?"

"ఉన్నది."

"పెండ్లయిందా?"

"అడగలే."

"మరి ఇన్ని రోజులు ఏం అడిగినవ్?"

"పటిక గురించి."

అండాలుకు నవ్వొచ్చింది. ఓణీ అడ్డం పెట్టుకుంది. "నేనొస్త ఆఫీసుకు. నా మాట నా ముందల రాయి. ఒక్క అక్షరం కలపొద్దు."

అవ్వను మోకాళ్ల నొప్పులకు నల్గొండ దవాఖానకు తీసుకెళ్లిన రోజున, అవ్వా మనవరాలూ ఇద్దరూ సైదులు ఆఫీసు మెట్లెక్కారు. సైదులు ఫోను తీగ తగిలించగానే కంప్యూటర్ పక్కనున్న డబ్బా తోక తొక్కిన పిల్లిలా అరిచింది.

"దాన్నేం జేస్తున్నవ్ర?" అని అవ్వ గోడకు జరిగింది.

అండాలు కుర్చీ చివర కూర్చుని చెప్పింది. "రాయి. అక్కా, మా బకెట్‌ల తెల్లగ తేలుతాంది, కిందికి దిగుతలేదు. నువ్వైతే ఎట్ల కలుపుతవ్? పుస్తకం సంగతి వద్దు, నీ చేతి సంగతి చెప్పు."

సైదులు వేళ్లు ఆగిపోయాయి. ఆమె వైపు చూశాడు.

"ఏంది? రాస్తలేవేంది?"

"ఏం లేదు. మంచి ప్రశ్న."

"నన్ను పొగడకు. పొగిడేటోళ్లంటే నాకు అనుమానం."

తొలకరి చినుకులు పడుతున్న పూట మోపెడ్ వాళ్ల వాకిట్లో ఆగింది. సైదులు సగం తడిసి ఉన్నాడు. చొక్కా లోపల దాచిన నీమా జవాబు కాగితం మాత్రం పొడిగా ఉంది.

"మొదలు ఇంగ్లీషుల చదువు," అంది అండాలు. బళ్లో నేర్చుకున్న ఇంగ్లీషుతో అక్షరాల వెంట వేలు పెట్టుకుంటూ వచ్చింది. తర్వాత అతను తెలుగులో చెప్పాడు.

"చెల్లే, మొదట గబగబ తిప్పు. ఆ తర్వాత పసిపిల్లను ఊపినట్టు నెమ్మదిగ తిప్పు. మేం జోలపాట పాడుకుంట తిప్పుతం. పాట అయినంక గంటసేపు బకెట్ ముట్టొద్దు. గట్టిగ తిప్పుకుంటనే పోతే, కట్టిన ముద్దలన్ని విరిగి పైకి తేలుతయ్. మా ఊరి మగోళ్లు అందరు మొదట గట్లనే చేసిన్రు."

"ఇది మాత్రం నిజం," అంది అవ్వ.

సైదులు సున్నం, పటిక కొలిచి వేశాడు. కర్ర అండాలు తీసుకుంది. గబగబా తిప్పి, చెయ్యి నెమ్మది చేసింది. అవ్వ స్రవంతిని ఒళ్లో వేసుకుని జోల అందుకుంది. పాట సగానికి వచ్చేసరికి నీళ్లలో విరిగిన పాలలాగా ముద్దలు కట్టాయి. కర్ర తీశాక ఒక్కొక్కటే కిందికి దిగసాగాయి.

వాన వెలిసింది. పైన తేరిన నీళ్లలో అండాలు ముఖం కనిపిస్తోంది. సైదులు గిన్నెలోకి కొన్ని వంచి, తన డబ్బాలోని మందు చుక్క వేశాడు. బోరింగు నీళ్లలో విషానికి పసుపుపచ్చగా మారిపోయే మందు, ఇందులో గులాబీ రంగులోనే నిలిచింది.

అండాలు కర్ర పట్టుకునే గిన్నె అందుకుని చూసింది.

"నువ్వు అబద్ధం చెప్పలే," అంది చివరికి.

"ఎట్ల తెలిసింది?"

"జవాబు నువ్వే రాసుకుంటే, గా దినం బడి కాడ సరిగ్గనే తిప్పెటోనివి గద. ఊరంత నవ్వేదాక ఎందుకుంటవ్?"

సైదులు నవ్వాడు. అతను నవ్వడం ఆమె చూడటం అదే మొదటిసారి. అతని పళ్ల మీదా అవే తుప్పు చారలు.

"నీయి గూడనా?"

"మాది మునుగోడు దిక్కు. మా నాయన గూడ మగ్గం దిగలేడు." మందు డబ్బాకు మూత పెట్టాడు. "ఒక్క అబద్ధమైతే చెప్పిన."

అండాలు కనుబొమలు ముడుచుకున్నాయి. "ఏంది?"

"బోరింగు కాడ... పండ్లు చూస్తున్న అన్న. గప్పుడు పండ్లు చూడలే."

ఆమెకు నవ్వు ఆగలేదు. ఒక చేతిలో తడి కర్ర, ఇంకో చేతిలో గిన్నె. ఓణీ అందుకోవడానికి చెయ్యి లేదు. నవ్వు అలాగే ఉండిపోయింది, అతని ఎదుట.

"అందర్ని చెల్లె అంటవ్. నన్ను అనవేంది?"

"గదే... ఒక మాట అడగాలె."

"అది గూడ టాంజానియాకు పోతదా?"

"పోదు. గీ వాకిట్లనే ఉంటది."

"జర ఆగు పిలగా!" అవ్వ జోల ఆపింది. "అడిగెటోడు మొదలు ఇంటిపేరు చెప్పాలె."

సైదులు అవ్వ వైపు అనుమానంగా చూశాడు. "బొడ్డుపల్లి. ఎందుకవ్వా?"

అవ్వ లోపలికి తిరిగి కేకేసింది. "మారయ్యా, విన్నవా? మన ఇంటిపేరు కాదు!"

లోపలి నుంచి నాయిన గొంతు సవరించుకోవడం వినిపించింది. "పటిక యాడ దొరుకుతదో అడుగు," అన్నాడు.

అవ్వ స్రవంతిని భుజాన వేసుకుని లేచింది. తేట నీళ్లు ఒక గ్లాసు ముంచుకుని లోపలికి పోతూ గడపలో ఆగింది.

"ఇగ అడుగు పిలగా. జర నెమ్మదిగ అడుగు, పిల్ల పండుకున్నది."