పెంచలయ్య సుత్తి

దగ్గరికి జరగండప్పా... ఇంకా దగ్గరికి. అహోబిలం స్వామిని ఒకసారి తలుచుకుని వినండి. ఇది కండ్లారా చూసిన హంపమ్మే, ఆ గుడి మెట్ల మీద కూర్చుని నాకు చెప్పింది.

కోయిలకుంట్ల అవతల నాపరాళ్ల గని పక్కన ఒక రాతి పిరమిడ్ ఉండాది. పొద్దు గూకితే ఆ దారిన ఎవరూ పోరు.

గని యజమాని రంగనాథ్ ఈజిప్టు చూసొచ్చినాడు. రాజుల సమాధులంట, కొండలంతేసి! మట్టివాలు కట్టి, ఇసుక తడిపి, మనుషులే రాళ్లు ఈడ్చి పేర్చినారంట. "మనమూ అట్లనే కడదాం, క్రేన్ వద్దు" అన్నాడు. కట్టినారు. నడుమ చీకటి గది, దానికి మనిషి పాకేంత సందు. ఎండ పడితే ఆ పిరమిడ్ పక్కలు మెరిసేది చూసి లారీలోళ్లు ఆగిపోయేవాళ్లు.

ఆ పనిలోనే రాయి ఈడ్చే తాడు తెగి, రాళ్లు కొట్టే పెంచలయ్య పోయినాడు. ఆ గనిలో పోయినోని సుత్తి ఇంకొకరు పట్టరు. ఆ చీకటి గదిలోనే పెట్టేసినారు. దానికాడ దీపం పెట్టొచ్చేది తోటి పనోడు సోమన్న ఒక్కడే.

ఒకనాడు పని దిగినాక దీపం పెట్టను పోయిన సోమన్న ఇంటికి రాలేదు. చీకటి పడింది. భార్య హంపమ్మ గని మేస్త్రీని తోడు పిల్చుకుని వెతుక్కుంటా వచ్చి చూస్తే — పైరాళ్లు జారి సందు మూసుకుపోయి ఉండాది. అంతలో లోపల్నుంచి...

టక్ టక్.

"పెంచలయ్య!" మేస్త్రీ హనుమన్న వెనక్కి తిరిగినాడు. హంపమ్మ అతని చొక్కా పట్టి ఆపింది.

"నా మొగుడు లోపలుండాడన్నా... రాళ్లు తియ్యి!"

"బతికుండగానే నన్ను తిట్టినోడు, ఇప్పుడు ఇడుస్తాడా?"

"దెయ్యానికి భయపడ్తావా? నేనుండాను ఈడ, నాకు భయపడు! రెండు దెబ్బలంటే ఏందన్నా మన పనిలో?"

హనుమన్న రాళ్ల వైపు తిరిగినాడు. "ఆపండి... కింద మనిషుండాడు అని."

"విన్నామని చెప్పాలంటే?"

"ఒకటి."

ఆమె రాయి తీసుకుని ఒక్క దెబ్బ కొట్టింది. లోపల్నుంచి మళ్లీ — టక్ టక్.

"నరసింహా! రాతి కంబం చీల్చుకుని వచ్చినోడివి... ఈ రాళ్లలోంచి నా మొగుణ్ణి ఇయ్యి సామీ!"

హనుమన్న గడ్డపార అందుకున్నాడు. ఇద్దరికీ గోళ్లు ఊడినాయి, నెత్తురు కారింది. తెల్లారబోతుండగా సోమన్న ముఖం కనపడింది. ఊపిరుండాది!

"మంచిగా కొట్టినావప్పా, అందుకే దక్కినావు" అని హనుమన్న ఏడ్చేసినాడు.

సోమన్న పెదాలు కదిలినాయి.

"నేనా?... నా చేతులు రెండూ బండ కిందనే ఉండాయి కదన్నా. పడిన కాడినుంచి..."

హంపమ్మ టార్చి తిప్పింది. సోమన్న తలకాడ పెంచలయ్య సుత్తి. ముట్టుకుంది.

వెచ్చగా ఉండాది.

కొట్టిందెవరో ఆ కంబంలోని దేవునికే ఎరుక. నేనడిగేది ఒకటేనప్పా — చీకట్లో ఎవరో పిలిచినట్టుంటే పరిగెత్తొద్దు. హంపమ్మ మాదిరి ముందు ఒక్క దెబ్బ బదులియ్యండి. ఇంటికి పోయి ఆ ఒక్క దెబ్బ గురించి ఇంకొకరికి చెప్పండి.