లీటరు నీళ్లు

సకల జనుల సమ్మెతో కాలేజీ మూతపడింది. జనగామలో నర్సింగ్ మొదటి ఏడాది చదివే భాగ్య, మహబూబాబాద్ దగ్గరి తండాలో ఉన్న ఇంటికి వచ్చింది. ఆ పొద్దున అరుగు మీద ప్లాస్టిక్ కొలజాడీ పెట్టి, నీళ్లు పోసి, మోకాళ్ల మీద కూర్చుని గీత చూస్తోంది.

తండ్రి లచ్చిరాం పత్తిచేను నుంచి వచ్చి, మందు కొట్టే పంపు దించాడు.

"గిదేంది బిడ్డా, నీళ్లకు మొక్కుతున్నవా?"

"ప్రాక్టికల్ మళ్ల రాయాలె బాపు. పోయినసారి నిలబడి పైనుంచి చూసిన. గీత దాక ఉన్నట్టే కొట్టింది. నీళ్లు తక్కువైనయి. మేడం ఫెయిల్ చేసింది."

"గుక్కెడు నీళ్లకు ఫెయిలా! నేను పురుగుమందు మూతతోని పోస్త. పురుగు ఎక్కువుంటే ఇంకో మూత. ఏనాడన్న జాడీ పట్టిన్నా?"

కోపమొస్తే లచ్చిరాం ఇంటి భాష లంబాడీలోకి మారతాడు. ఈసారి తెలుగులోనే అన్నాడు. చదువుకున్న బిడ్డకు తగలాలని.

"సమ్మె అయినంక గూడ పోకు. పత్తి ఏరేటానికి మనుషులు దొరుకుతలేరు."

భాగ్య బిందె తీసుకుని బోరింగ్ దగ్గరికి వెళ్లింది.

లోపల వదిన నీలి ఒళ్లో ఏడాది నిండని ధర్మా ఉన్నాడు. రాత్రి నుంచి విరేచనాలు. ఆశా వర్కర్ ఓఆర్ఎస్ పాకెట్లు రెండు ఇచ్చి, మధ్యాహ్నం మళ్లీ వస్తానంది. అన్న హరిలాల్ బండేసుకుని రైలు రోకోకు పోయాడు. బస్సుల్లేవు, ఆటోల్లేవు.

భాగ్య తిరిగొచ్చేసరికి లచ్చిరాం మనవడి నోట్లో చెంచా పెడుతున్నాడు. పిల్లాడు మొహం తిప్పి ఏడుస్తున్నాడు.

"బాపు, పాకెట్ మొత్తం గ్లాసులనే కలిపినవా?"

"చిక్కగుంటే జల్ది పట్టుతది."

భాగ్య గ్లాసు లాక్కుని వాకిట్లో పారబోసింది.

"దవాఖాన మందు మట్టిల పోస్తవా!" లచ్చిరాం చెయ్యెత్తాడు. "ఇంకొక్కటే ఉన్నది. గది గూడ పారబొయ్యి!"

"అది లీటరు నీళ్లకు లెక్క. గ్లాసుల కలిపితే ఉప్పు ఎన్నింతలైతదో ఎరుకేనా? ఒంట్లున్న నీళ్లను గూడ పేగులకు గుంజుతది. పురుగు సావాలని ఇంకో మూత పోస్తవు గదా. గట్లనే పిలగానికి పోసినవు."

లచ్చిరాం చెయ్యి దిగింది.

"ఎన్ని చెంచాలు పోసినవు?"

"మూడు," అన్నాడు.

"మామా, ఆమెను కలపనియ్యి," అంది నీలి.

కాచి చల్లార్చిన నీళ్లు అప్పటికే ఉన్నాయి. జాడీకి అర లీటరే పడుతుంది. భాగ్య దాన్ని కడిగి అరుగు మీద పెట్టి మోకాళ్ల మీద కూర్చుంది. పోసిన నీళ్లు ఇంకా కదులుతున్నాయి. అవి నిలిచేదాకా ఆగింది. గీతను కంటికి సరిగ్గా తెచ్చుకుని చూసింది. ఆ నీళ్లు గిన్నెలో పోసి, రెండోసారీ అట్లాగే కొలిచింది. తర్వాతే పొడి కలిపింది.

ధర్మాకు కొద్దికొద్దిగా పట్టారు. మధ్యలో నీలి పాలిచ్చింది. లచ్చిరాం గడపలో కూర్చుని అన్నం ముట్టలేదు.

మధ్యాహ్నం నీలి ఒక్కసారిగా అరిచింది. "పాస్ పోసిండు! పొద్దుగాల సంది చుక్క లేకుండె, ఇప్పుడు నా చీరంత తడిపిండు!"

తడిసిన చీరను చూసి ఆ ఇంట్లో అందరూ నవ్వారు. ఆశా వర్కర్ వచ్చి పిల్లాడి కళ్లూ నాలుకా చూసింది. దవాఖానకు పోయే పని లేదంది. మరో పాకెట్ ఇచ్చింది.

మర్నాడు పొద్దున భాగ్య లేచేసరికి అరుగు మీద లచ్చిరాం మోకాళ్ల మీద ఉన్నాడు. ఎదురుగా జాడీ, పక్కన ఆశా వర్కర్ ఇచ్చిన పాకెట్.

"గీత కాడికొచ్చిందా? జర చూడు బిడ్డా."

ఆమె పక్కన కూర్చుంది. "ఇంకొంచెం పొయ్యి."

అతను చెంబు వంచాడు. "బస్సులు నడిచిన్నాడు చెప్పు. జనగామ దాక నేనే వస్త."

"మరి పత్తి?"

"మీ అన్న ఏరుతడు. పట్టాల మీద కూసునుడు నేర్సిండు, ఇగ వంగుడు నేర్వాలె."

భాగ్య నవ్వింది. గీత మసకబారింది. కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది.

"సరిపోయింది బాపు."