గున్న వెనక కొక్కెం

"గడియారం ఆగిపోయిందండీ."

"ముల్లు విరిగిందా, తీగ తెగిందా?"

"రెండూ బాగానే ఉన్నాయి. టైమే బాగాలేదు."

కోడ్ సరిపోయింది. గడియారాలు బాగుచేసే కొట్టు వెనక తలుపు తెరుచుకుంది. ఏజెంట్ జిగురు మెట్లెక్కాడు. పట్టుకున్నవాణ్ణి వదలడని డిపార్ట్‌మెంట్‌లో అతనికి ఆ పేరు పెట్టారు. ఆ మధ్యాహ్నం మాత్రం అతనికి అన్నీ వదిలేసి ఎటైనా పారిపోవాలని ఉంది. నిన్న చీఫ్ ఆర్డరు మీద, కారణం అడక్కుండా, తన బావ చేతులకు తనే బేడీలు వేశాడు, సొంత అక్క గుమ్మంలో నిలబడి చూస్తుండగా.

పై గదిలో చీఫ్ ఒక అట్టపెట్టెను బల్ల మీదుగా ఇవతలికి తోశాడు. ప్లాస్టిక్ మోడల్ కిట్. మూత మీద దుమ్ము రేపుకుంటూ వస్తున్న యుద్ధట్యాంకు బొమ్మ. జిగురు దాన్ని చూడగానే గుర్తుపట్టాడు.

అది గున్న. దేశం మొత్తానికి ఒక్కటే తయారైన ట్యాంకు. దానికి ఇంకా అధికారికంగా పేరైనా పెట్టలేదు. నడిపే ముగ్గురు కుర్రాళ్ళు గున్న ఏనుగని ముద్దుచేసుకుంటారు, అంతే. ఫోటో ఒక్కటి కూడా ఫ్యాక్టరీ గేటు దాటలేదు. అలాంటిది ముక్కలు ముక్కలుగా పెట్టెలో సర్దుకుని బయటి నుంచి తిరిగొచ్చింది.

"సరిహద్దు అవతల ఒక గోడౌన్‌లో దొరికింది" అంది కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్న ఆమె. కోడ్ పేరు నెమలి. పైకి ఫోటోగ్రాఫర్, నాలుగు భాషల దుబాసీ. లోపల డబుల్ ఏజెంట్. శత్రువుల జీతం తీసుకుంటూ మనకి కబుర్లు మోస్తుందని చీఫ్‌కి ఆమె మీద ఎనలేని గురి. ఆమె నల్లకళ్ళద్దాలు తీసి నవ్వితే ఫైళ్ళు వాటంతట అవే తెరుచుకుంటాయని ఆఫీసులో ఒక జోకు.

"గున్నని గీసింది మీ బావ" అన్నాడు చీఫ్. "డ్రాయింగులుండేది ఆయన బీరువాలో. నీకు చిన్నప్పటినుంచీ ఈ కిట్ల పిచ్చి. విప్పి చూడు. కొలతలు డ్రాయింగులతో కలిస్తే లీక్ ఆయనే. సాయంత్రం గున్నని నడిపి చూసే ట్రయల్ మొదలయ్యేలోపు రిపోర్ట్ కావాలి. తర్వాత మిలిటరీ కోర్టు."

"సార్, ఆయన మా బావ."

"తెలుసయ్యా. నువ్వే తప్పు పట్టావంటే ఇంకెవరూ నోరెత్తరు."

జిగురు పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కలా ఉంది. అసలు ఈ కిట్ల పిచ్చి అంటించిందే బావ. పెళ్ళైన కొత్తలో అత్తారింటికి వచ్చినప్పుడల్లా ఒక డబ్బా తెచ్చి, "ఒరేయ్, తొందరపడి అతికించకు, ముందు ఉత్తినే ఆనించి చూడు" అని నేర్పింది ఆయనే. ఇప్పుడు అదే విద్యతో ఆయన మెడకు ఉరి కొలవాలి.

వర్క్‌రూమ్‌లో లైటు వేసుకుని పెట్టె విప్పాడు. ముక్కలన్నీ ఫ్రేములకు అంటుకుని ఉన్నాయి. కట్టర్‌తో ఒక్కొక్కటే తుంచి, అంచులు గీకి, జిగురు పెట్టకుండా ఉత్తినే కూర్చి చూశాడు. ఎక్కడా సందు లేదు. గీతకి గీత కలుస్తోంది. కాలిపర్స్ పట్టి ప్రతి ముక్కనీ కొలిచి, కిట్ అసలుదాంట్లో ముప్పై అయిదో వంతు కాబట్టి ముప్పై అయిదుతో హెచ్చించి, డ్రాయింగుల పక్కన పెట్టాడు. చక్రాలు కలిశాయి. ఫిరంగి గొట్టం కలిసింది. దాన్ని మోస్తూ తిరిగే టరెట్ వాలు కూడా కలిసింది. ఇంత బాగా చేసిన కిట్ అతను జన్మలో చూడలేదు, చూసినందుకు ఏడుపొచ్చింది.

ఫోన్ మోగింది. అక్క.

"అన్నం తినలేదటరా ఆయన. నీకు తెలుసా?"

"డ్యూటీలో ఉన్నానక్కా."

"నిన్నా అదే అన్నావు" అని పెట్టేసింది.

కాసేపటికి మళ్ళీ ముక్కల మీదికి వంగాడు. అప్పుడు కనబడింది. టరెట్ వెనక అతికించమని కిట్‌తో వచ్చిన సూచనల కాగితం చివరి మెట్టులో చూపించిన చిన్న కొక్కెం. డ్రాయింగులన్నీ తిరగేశాడు. ఏ డ్రాయింగులోనూ ఆ కొక్కెం లేదు. పైగా కిట్ మొత్తం ప్లాస్టిక్ అయితే ఇది ఒక్కటే ఇనుముతో చేసింది. అలంకారానికైతే ఇనుమెందుకు? దాని మెడ మీద సన్నటి గీతలు పడి ఉన్నాయి. ఎవరో దానికి బరువు తగిలించి, తీసి, మళ్ళీ తగిలించి సాధన చేశారు!

కొక్కెం అరచేతిలో పెట్టుకుని లాకప్‌కి పరుగెత్తాడు. బావ గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"బావా, ఇదేంటో చెప్పు."

"ముందు బేడీలు, తర్వాత ప్రశ్నలా? మీ డిపార్ట్‌మెంట్ పద్ధతి బాగుందిరా."

"తిడుదువు గానీ, తర్వాత తిట్టు. ముందు చూడు."

బావ చూశాడు. కనుబొమలు పైకి లేచాయి.

"ఇది అచ్చం నా కొక్కెమే కదరా! గున్నని ఇనుముతో చెయ్యకముందు షెడ్డులో అసలు సైజులో చెక్కతో ఒకటి చేసుకున్నాం, కొలతలు సరిచూసుకోడానికి. నేల మీద పెడితే భోజనం సంచికి చీమలు పడుతున్నాయని దాని వెనక ఒక కొక్కెం బిగించా. అసలు ట్యాంకుకి అదెందుకుంటుంది? నేను డ్రాయింగులిచ్చి ఉంటే నా సంచి కొక్కెం అందులో ఎలా వస్తుంది?"

"చెక్కదాన్ని బయటివాళ్ళు ఎవరైనా చూశారా?"

"ఒక్కసారే, విదేశీ ఇంజనీర్లు వచ్చినప్పుడు చూశారు. వాళ్ళు టీ తాగుతుంటే దుబాసీ అమ్మాయి చాలాసేపు షెడ్డులోనే ఉండిపోయింది. కెమెరా లాక్కున్నాం గానీ, మెడలో కొలతల టేపులాంటి గొలుసేదో ఉంది."

జిగురుకి నాలుగు భాషల దుబాసీ గుర్తొచ్చింది. కంచే చేను మేసింది. కిట్ తెచ్చి బావ మీద నేరం మోపింది నెమలి. ఎందుకో కూడా అర్థమైంది. ట్రయల్‌కి ముందు గున్నని అంగుళం అంగుళం తడిమి చూసేది బావ ఒక్కడే. ఆయన లాకప్‌లో ఉంటే, ఆ వెనక ఏం వేలాడుతోందో చూసే దిక్కుండదు.

ట్రయల్ గ్రౌండ్‌లోకి ఫోన్లు పోనివ్వరు. నెమలి గుర్తుపట్టకుండా జీపులోనే మెకానిక్ వేషం వేసుకున్నాడు. నూనె మరకల బట్టలు, టోపీ, పెట్టుడు మీసం. మీసం ఒకవైపు ఊడి వేలాడుతున్నా సరిచేసుకునే తీరిక లేదు.

ముగ్గురు కుర్రాళ్ళూ గున్నలోకి దిగి మూతలు వేసుకున్నారు. ఇంజన్ గుర్రుమంది. చీఫ్ బైనాక్యులర్స్ పట్టుకుని దూరంగా మంచె మీద ఉన్నాడు. నెమలి కెమెరా సంచీ భుజాన వేసుకుని, "ఒక్క క్లోజప్" అని నవ్వుతూ సైగ చేసి ట్యాంకు వెనక్కి వెళ్ళింది.

జిగురు చక్రాల చాటున వంగి చూశాడు. ఆమె నిచ్చెన మీద ఒక కాలు పెట్టి, మొహం కెమెరా వైపే ఉంచి, కుడిచేత్తో సంచీ పట్టీని టరెట్ వెనక్కి చాచింది. వందసార్లు సాధన చేసిన చెయ్యి. తిన్నగా ఆ చోటికే వెళ్ళింది. అక్కడ ఏమీ లేదు. చెయ్యి పక్కకు తడిమింది. పైకి తడిమింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటారు. ఈవిడ ఎవరూ ఏమీ అనకముందే తడుముకుంటోంది. ఆమె మొహంలో నవ్వు మొదటిసారి చెరిగిపోయింది.

"కొక్కెం కోసమా మేడమ్? అది మా బావది."

ఆమె సంచీ వదిలేసి దూకింది. జిగురు దాన్ని గాల్లోనే అందుకున్నాడు. లోపల ఏదో టిక్కుటిక్కుమంటోంది. ట్యాంకును నీళ్ళలో నడిపి చూసే గుంట పక్కనే ఉంది. గిరగిరా తిప్పి విసిరి నేలకి కరుచుకున్నాడు. భూమి అదిరింది. గుంటలో నీళ్ళన్నీ లేచి మంచె మీద కురిశాయి. గున్నలోంచి ఒక కుర్రాడు తల బయటపెట్టి, "వానొచ్చిందా?" అని అడిగాడు.

నెమలి గేటు దగ్గర దొరికింది. అప్పుడు కూడా కళ్ళద్దాలు సరిచేసుకుంటూనే ఉంది. మర్నాడు తడిసిన కోటు ఆరేసుకుంటూ చీఫ్ అన్నాడు, "మీ బావని రాత్రే ఇంటికి పంపించాం కదా, విడుదల కాగితం మీద ఆయన సంతకం తీసుకురా. ఫైలు మూసేద్దాం."

అక్క ఇంటి తలుపు బావే తీశాడు. మణికట్టు మీద బేడీల గుర్తు ఇంకా ఎర్రగా ఉంది. జిగురు దాన్ని చూడలేక తలదించుకున్నాడు. తప్పు చేశాను బావా అందామనుకునేలోపే వంటింట్లోంచి అక్క గొంతు వినిపించింది.

"ఎవరండీ?"

"మీ తమ్ముడు."

గిన్నెల చప్పుడు ఆగింది. మళ్ళీ అడిగింది.

"పనిమీద వచ్చాడా, ఊరికే వచ్చాడా?"

బావ పక్కకి తప్పుకోలేదు. జవాబు కోసం ఆయనా చూస్తున్నాడు. జిగురు జేబులోని కాగితాన్ని ఇంకొంచెం లోపలికి తోశాడు.

"ఊరికే వచ్చానక్కా" అన్నాడు, ఉద్యోగంలో చేరాక మొట్టమొదటిసారి అబద్ధం చెప్పడానికి తడబడుతూ.