ఒకటిన్నరకు ఆరు ట్రక్కులు

నార్కట్‌పల్లి హైవే హోటల్‌లో, ఉదయం టీ గ్లాసు పక్కన చీఫ్ విజేందర్ ఒక ఫోటో పెట్టాడు.

"గ్లోరీ. నర్సు. మేళ్లచెరువు బిడ్డ. యుద్ధం నడుస్తున్న దేశంల మందుల ట్రక్కులతోని పోతాంది. ఆరు ట్రక్కులు."

ఏజెంట్ దశరథ్ ఫోటో చూశాడు. తెల్లకోటు, గట్టి నవ్వు.

"ట్రక్కులు పోయే రూట్ ముందుగాల్నే రెండు సైన్యాలకు చెప్తరు, ఎవలూ కాల్చొద్దని. ఒక విదేశీ ముఠా ఆ లిస్టు హ్యాక్ చేసింది. మన టైం ఒకటిన్నరకు అవి ఆయుధాల బండ్లని మారుస్తది. గంతే, బాంబులే."

"ఆ లిస్టు మార్చే ఆపరేటర్ ఎక్కడ?"

"మక్తల్ చేన్లల్ల, గొర్ల కాపరి వేషంల. సిగ్నల్ ఒక్కకాడ నిలుస్తలేదు. సుస్మిత జాగా చూపిస్తది."

సుస్మిత డబుల్ ఏజెంట్. జీతం ముఠాది, పని మనది. లిప్‌స్టిక్ చెదరకుండా అబద్ధం చెప్పగల మనిషి.

ఒంటిగంట దాటాక ఆమె పసుప్పచ్చ కారు మక్తల్ శివారులో ఆగింది. గొర్రెల బేరగాడి వేషంలో దశరథ్ దిగాడు. నిప్పులు చెరిగే ఎండ. మూడు మందలు, ముగ్గురు కాపరులు. ముగ్గురి దగ్గరా గొంగడి, కర్ర.

"ముగ్గుర్ల ఎవరు?"

"నేను వాన్ని ఎన్నడూ చూడలే" అంది సుస్మిత.

ఒకటీ ఇరవై. తప్పు మనిషిని పట్టుకుంటే అసలువాడు అప్పుడే బటన్ నొక్కేస్తాడు. దశరథ్‌కు భయం వేసింది. పక్క చేనులో వేపచెట్టు కింద సద్ది తింటున్న మరో కాపరి, ముసలి గోపమ్మ దగ్గర, గొర్రెల బేరగాణ్నని చెప్పి కూర్చుని ముగ్గురి ముఖాలనూ మార్చి మార్చి చూశాడు.

"బేరగాన్నంటివి, మనుషులను చూస్తవేంది? గొర్లను చూడు" అంది గోపమ్మ. "గీ ఎండల గొర్లు కదుల్తయా బిడ్డా? ఒకదాని కడుపు కింద ఒకటి తలకాయ పెట్టుకొని నిలవడ్తయ్. గా ఎర్రరుమాలోడు కొట్టుకుంట నడిపిస్తాండు. వాడు గొర్లు కాసెటోడే కాదు!"

సిగ్నల్ దొరకకుండా నడుస్తూనే ఉండమని ముఠా వాడికి చెప్పింది. గొర్రెల సంగతి ముఠాకు తెలియదు.

దశరథ్ తాపీగా నడిచాడు. "పొట్టేలు అమ్ముతవా అన్నా?"

"అమ్మ..."

మాట పూర్తికాకముందే వాడు నేల మీద ఉన్నాడు. గొంగడి కింద శాటిలైట్ ఫోన్. స్క్రీన్ మీద నలభై సెకన్లు. ఆర్డర్ అప్పటికే సర్వర్‌కు ఎక్కింది. రద్దు చేయాలంటే ముఠా సుస్మితకు ఇచ్చిన కోడ్ ఇదే ఫోన్‌లో కొట్టాలి.

"సుస్మితా! కోడ్!"

హైహీల్స్ చేతబట్టుకుని ఆమె చేనుకు అడ్డంగా పరుగెత్తుకొచ్చింది. "అది నా ఒక్కదాని కోడ్. కొడితే ముఠాకు దొరికేది నేనే."

"తెలుసు."

పదిహేను సెకన్లు. ఆమె నల్లకళ్లద్దాలు తీసింది. ఆరు అంకెలు కొట్టింది.

ఆర్డర్ రద్దు. మిగిలింది ఒక్క సెకను.

మూడు గంటలకు విజేందర్ ఫోన్ చేశాడు. "ట్రక్కులు దవాఖాన చేరినయ్. గ్లోరీ మందులు దించుతాంది. సుస్మితను ఇటే తీసుకరా. ఇగ ఆమె మన మనిషి."

ఫోన్‌లో మాట పక్కనే ఉన్న గోపమ్మకూ వినిపించింది. దశరథ్ కళ్లు తుడుచుకోవడం చూసింది.

"గా గ్లోరీ ఎవలు బిడ్డా, నీ చుట్టమా?"

"కాదవ్వా. ఎన్నడూ కలవలే."

"మరి గంత ఫికరెందుకు?"

శిక్షణలో అబద్ధం చెప్పడం నేర్పారు గానీ, ఇలాంటిదానికి జవాబు నేర్పలేదు. గూఢచారి మళ్లీ బేరగాడై, పొట్టేలు ధర అడిగాడు.